బొట్టు పెట్టిన జెండా

ఆగస్టు పదిహేను, పొద్దున్న ఆరు దాటి పది నిమిషాలైంది. మా ఆయన కాలేషా నమాజు చేసుకుని టీకొట్టు దగ్గర కబుర్లలో పడ్డట్టున్నారు, ఇంకా రాలేదు. నేను పొయ్యి మీద పాలు పెట్టి నిలబడి ఉన్నాను. ఫోన్ మోగింది. వట్లూరు కాలేజీలో చదివే లవాలీ.

"ఆంటీ, నమస్తే అండీ. మీరు ఇచ్చిన జెండా విప్పానండీ. ఇది మాది కాదండీ, మీదండీ. మధ్యలో చక్రం ఉందండీ."

పాలు పొంగి పొయ్యి నిండా పారాయి. చూస్తూనే ఉన్నాను గానీ స్టవ్ ఆపాలని తోచలేదు.

లవాలీది ఆఫ్రికాలో నైజర్ దేశం. నైజీరియా కాదు. అలా అంటే వాడికి కోపం వస్తుంది. ఏలూరుని పట్టుకుని నెల్లూరు అంటే మనకి రాదూ, అలాగే. జులైలో మా కుట్టుషాపుకి వచ్చి ఫోన్‌లో వాళ్ల జెండా బొమ్మ చూపించాడు. పైన కాషాయం, మధ్యలో తెలుపు, కింద ఆకుపచ్చ. అచ్చం మన జెండానే. చక్రం ఉండాల్సిన చోట మాత్రం గుండ్రంగా కాషాయం రంగు బిళ్ల ఉంది.

"ఇదేంటయ్యా, మా చక్రం తీసేసి కమలాపండు పెట్టారు?" అన్నాను.

వాడు పెద్దగా నవ్వాడు. "సూర్యుడండీ ఆంటీ. మా ఎడారి మీద సూర్యుడండీ." మూడేళ్లుగా వాడు తెలుగు నేర్చుకున్నది బస్సుల్లోనూ హోటళ్లలోనూ. అందుకని ప్రతి మాటకీ చివర ఒక అండీ తగిలిస్తాడు. వీధికుక్కని తోలేటప్పుడు కూడా వెళ్లండీ అనే అంటాడు. నా కొడుకు వయసువాడు, వాడంటే నాకు ముద్దు.

వాళ్ల స్వాతంత్ర్య దినం అసలు ఆగస్టు మూడో తారీకు. ఆ రోజు వాళ్ల దేశంలో అందరూ మొక్కలు నాటుతారట. ఇక్కడ మాత్రం ఆ రోజే వాడికి పరీక్ష పడింది. "మా పండక్కి ఇక్కడ సెలవు లేదండీ. మీ పండక్కి ఉందండీ. మీ సెలవులో మా పండగ చేసుకుంటామండీ" అన్నాడు. ఆ కాలేజీలో వాళ్ల దేశంవాళ్లు నలుగురున్నారు. వాడు అద్దెకుండే మేడ మీద జెండా ఎగరేసి, వాళ్ల పాట పాడి, గోంగూర షర్బత్తు తాగుతారట. గోంగూర మన సొత్తు అనుకుంటాం గానీ, దాని కాయల చుట్టూ ఉండే ఎర్రటి రేకలు ఎండబెట్టి పంచదార వేసుకుని తాగేవాళ్లు ఉన్నారని నాకు వాడి వల్లే తెలిసింది.

ఆగస్టు వచ్చిందంటే మాకు జెండాలు తప్ప వేరే పని ఉండదు. చక్రం అచ్చువేసిన తెల్లగుడ్డ బెజవాడ నుంచి తెప్పించుకుని, పైనా కిందా రంగుగుడ్డ కలిపి కుడతాం. మా ఆయనకి ఒక అలవాటుంది. చక్రానికి చేతి మరక అంటకూడదని, జెండాని ఎప్పుడూ చక్రం లోపలికి పోయేలా మడతపెడతారు. ముప్పై ఏళ్లుగా అదే మడత. నైజర్ జెండాని కూడా అలాగే, సూర్యుడు లోపలికి పోయేలా మడిచారు. "వాళ్లకి అదే చక్రం కదే" అన్నారు. మడిచాక పైనుంచి చూస్తే రెండూ ఒకటే.

పద్నాలుగో తారీకు మధ్యాహ్నానికి షాపులో రెండే జెండాలు మిగిలాయి, రెండూ ఒకే కొలత. ఒకటి లవాలీది. రెండోది కొల్లేట్లో తూడులంక అనే ఊరి బడిది. ఆయన రెండింటినీ కాగితాల్లో చుట్టి, పైన పేర్లు రాసి, భోజనానికి వెళ్లారు. తాడు దూర్చే పట్టీలు సరిగ్గా కుట్టారో లేదో చూద్దామని నేను రెండు పొట్లాలూ విప్పాను. ఆయన కుట్టినదానికి ఒక వంక పెట్టకపోతే నాకు అన్నం సయించదు. పట్టీలు బాగానే ఉన్నాయి. మళ్లీ చుట్టేశాను. ఏ కాగితంలో ఏ జెండా పెడుతున్నానో చూసుకోలేదు. సాయంత్రం ఆ బడి హెడ్‌మిస్ట్రెస్ రామలక్ష్మి టీచర్ వచ్చి తన పొట్లం తీసుకుని, "రేపు మా ఊరు రండి షహనాజ్ గారూ" అని మర్యాదకి పిలిచి వెళ్లారు. లవాలీ తన పొట్లం తాను పట్టుకెళ్లాడు.

అంటే తూడులంక బడి దగ్గరున్నది చక్రం లేని జెండా. తాడు లాగుతారు, పూలు రాలతాయి, అందరూ తలెత్తి చూస్తారు. మన జెండాలోంచి చక్రం పీకేసి కాషాయం బిళ్ల అతికించినట్టు కనబడుతుంది. ఎవరు కుట్టారు? ఏలూరు కాలేషా.

అప్పటికి గానీ స్టవ్ ఆపలేదు.

ఇంత భయం దేనికంటే, నేను నవీద్‌ని చూశాను. నవీద్ మా వీధిలోనే ఫ్లెక్సీలు వేసేవాడు. రెండేళ్ల కిందట ఒక ఫ్లెక్సీ మీద జెండా రంగులు తలకిందులుగా పడ్డాయి. కంప్యూటర్‌లో బొమ్మ తిరగబడింది, చూసుకోలేదు, అంతే. ఎవరూ కొట్టలేదు. పదిమంది వచ్చి షాపు ముందు నిలబడ్డారు. సెల్‌ఫోన్లు ఎత్తి పట్టుకుని, చేతులు జోడించి తప్పయిందని చెప్పమన్నారు. మెట్ల మీద నిలబడి చెప్పాడు. ఆ వీడియో ఎన్ని ఊళ్లు తిరిగిందో లెక్కలేదు. దాని కింద ఎవరో 'వీడి పేరేంటి' అని అడిగారు. ఇంకెవరో పేరు రాశారు. ఇక ఆ తర్వాత ఎవరూ ఫ్లెక్సీ గురించి మాట్లాడలేదు. నవీద్ ఇప్పుడు తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో బస్తాలు దింపిస్తున్నాడు. ఏలూరు రావడం మానేశాడు, వాళ్లమ్మే వెళ్లి చూసొస్తుంది.

మా ఆయనకి పోయినేడు గుండెకి స్టెంట్ వేశారు. ఆయన మా షాపు మెట్ల మీద చేతులు జోడించి నిలబడినట్టు కళ్ల ముందు కనపడింది. తప్పు చేసింది నేను, నిలబడేది ఆయన.

టీచర్ గారికి ఫోన్ చేశాను. రెండో రింగుకే ఎత్తారు. హలో అన్నాను. నా హలో అటువైపు ఎక్కడో గట్టిగా మోగి మళ్లీ నా చెవిలోకే వచ్చింది.

"ఆయ్, షహనాజ్ గారూ, చెప్పండి! నా ఫోను పాటల కోసమని స్పీకరు బాక్సుకి కలిపేమండి. మీ మాట ఊరంతా వినపడుతోంది, చెప్పండి చెప్పండి."

వెనకాల పిల్లలు నవ్వుతున్నారు. ఊరంతా వినేలా నేనేం చెప్పను?

"ఏం లేదండీ... జెండా బాగుందా అని."

జెండా బాగుందా అని, అంటూ నా గొంతు తూడులంక గోడలకి తగిలి తిరిగొచ్చింది.

"చాలా బాగుందండి. తెల్లారకుండానే మా పెద్దింటమ్మ మామ్మ పూలు పోసి కట్టేసింది. పైకి కూడా ఎక్కించేశాం. ఎనిమిదింటికి ఎగరెయ్యడమే."

ఫోన్ పెట్టేశాను. మెసేజ్ పెడదామని వేలు అక్షరాల దాకా తీసుకెళ్లి వెనక్కి తీసుకున్నాను. ఆ ఫోన్ ఎవరి చేతిలో ఉందో ఏమో. నోటిమాటైతే అనలేదని అనొచ్చు. రాసింది ఎక్కడెక్కడికో పోతుంది.

ఆయన వచ్చేలోపే బయటపడాలి. ఆయన మొహం చూస్తే చెప్పకుండా ఉండలేను. లవాలీకి ఫోన్ చేసి, "బాబూ, ఆ చక్రం జెండా పట్టుకుని నీ బండి మీద వెంటనే రా. నీ జెండా కొల్లేరు వెళ్లిపోయింది" అన్నాను. ఎందుకని అడగకుండా "ఆయ్" అన్నాడు. ఆ మాట కూడా మన బస్సుల్లో నేర్చుకున్నదే.

పావుగంటలో వచ్చాడు. నేలదాకా జీరాడే లేత నీలం జుబ్బా, నెత్తిన దారంతో పువ్వులు కుట్టిన టోపీ. అవి వాళ్ల పండగ బట్టలు. ఆరడుగులు దాటిన మనిషి. ఎవరి కళ్లా పడకుండా వెళ్లొద్దామని నేననుకుంటే, వాడు ఊరేగింపుకి తయారై వచ్చాడు. వేరే రోజైతే పడీ పడీ నవ్వేదాన్ని. కొంగు తల మీదకి లాక్కుని వెనక కూర్చున్నాను.

కైకలూరు రోడ్డు పొడుగునా కాగితం జెండాలు పట్టుకుని పిల్లలు బడికి వెళ్తున్నారు. ప్రతి జెండాలోనూ నా కళ్లు మధ్యకే పోతున్నాయి, చక్రం ఉందా లేదా అని.

"ఆంటీ, పొరపాటు జరిగింది అని చెప్పొచ్చు కదండీ. సారీ చెప్పొచ్చు కదండీ" అన్నాడు వాడు.

"చెప్పొచ్చు బాబూ. నీ ఫోన్‌లో మీ జెండా బొమ్మ కూడా చూపించొచ్చు. ముందు ఎవరైనా వినాలి కదా."

నవీద్ సంగతి చెప్పాను. రోడ్డు పక్కన చేపల చెరువులు, వాటిలో గిరగిర తిరిగే ఏరేటర్లు, గట్ల మీద మేత బస్తాలు దాటిపోతున్నాయి. వాడు బండి కొంచెం నెమ్మది చేసి, "నన్ను కూడా అడుగుతారాండీ?" అన్నాడు.

పొద్దున్న ఫోన్ చేసినప్పుడు వాడి గొంతులో ఆ భయం లేదు. దారిలో నేనే పెట్టాను.

వానలకి కొల్లేరు నిండి, తూడులంక వెళ్లే మట్టిరోడ్డు అరకిలోమీటరు మేర మునిగిపోయింది. బండి గట్టు మీద వదిలేశాం. సూర్రావు అని ఒకాయన దోనె మీద మనుషుల్ని దాటిస్తున్నాడు. లవాలీని కింది నుంచి పైదాకా చూసి, దోనె మధ్యలో కూర్చోమన్నాడు, లేకపోతే తిరగబడుతుందట.

"జెండాకాండి? సరిగ్గా టయానికే వచ్చేరు. ఈసారి మా ప్రేమ్‌కుమార్ లైవ్ పెడతన్నాడండి, ఊరి గ్రూపులో. కువైట్‌లో మా తమ్ముడు పనిలోకి ఎల్లకుండా ఫోను పట్టుకుని కూకున్నాడంట, మన జెండా చూత్తానని."

ఎక్కడో కువైట్‌లో ఒక మనిషి సెలవు పెట్టుకుని మరీ ఎదురుచూస్తున్నాడు. ఆయనకి కనబడబోయేది చక్రం లేని జెండా. గూడబాతులు మందగా లేచి మా నెత్తి మీదుగా వెళ్లాయి. టైము ఏడూ నలభై. నాకు తెలిసిన దువాలన్నీ చదువుకుంటూ కూర్చున్నాను. లవాలీ పెదాలు కూడా కదులుతున్నాయి.

తూడులంక బడి అంటే రెండు గదులు, పక్కన రేకుల వంటపాక, ముందు జెండా కర్ర. కర్ర మొదట్లో పసుపు రాసి కుంకుమ పెట్టారు. చిట్టచివర ముడుచుకుని కూర్చుంది మా మూట. కర్రకి ఎదురుగా తెల్లచొక్కా వేసుకున్నాయన మూడుకాళ్ల స్టాండు మీద ఫోన్ బిగిస్తున్నాడు. ఆయనే ప్రేమ్‌కుమార్, చెరువులున్నాయన, స్కూలు కమిటీ చైర్మన్. పిల్లలు లవాలీని చూసి వరసలు తప్పేశారు.

రామలక్ష్మి టీచర్‌ని చెయ్యి పట్టుకుని వరండా చివరికి లాక్కెళ్లి చెవిలో చెప్పాను. ఆవిడ మొహంలో రంగు పోయింది.

"నా ఉద్యోగం పోతుందండీ" అన్నారు ముందు. తర్వాత నా చెయ్యి వదలకుండానే, "ఎలాగండీ ఇప్పుడు? ఎందుకు దించుతున్నామంటే ఏం చెప్తాం?" అన్నారు.

ఆకాశం మబ్బుపట్టి ఉంది. అబద్ధం అదే తోచింది. "రంగు కారే గుడ్డ అని చెప్దామండీ. వాన చినుకు పడితే తెల్లది పాడైపోతుందని చెప్దాం."

టీచర్ గొంతు సవరించుకున్నారు. "ప్రేమ్‌కుమార్ గారూ, ఆ జెండా రంగు కారుతుందటండి. వానొచ్చేలా ఉంది. టైలర్ గారు పాపం ఇంకోటి పట్టుకుని అంత దూరం నుంచి వచ్చారు. మార్చేద్దామండి."

"ఇప్పుడాండి? ఏడూ యాభై అయింది" అన్నాడాయన. నన్ను చూశాడు. లవాలీని చూశాడు. "ఈయనెవరండి?"

"మా షాపుకి వచ్చే అబ్బాయండీ. బండి మీద తీసుకొచ్చాడు."

"ఏ దేశం బాబూ మీది?"

"నైజర్ అండీ."

"నైజీరియానా?"

లవాలీ నా వైపు చూశాడు. "ఆయ్" అన్నాడు.

కాదు అనకుండా వాడు ఊరుకోవడం నేను చూడటం అదే మొదలు. అయ్యో అనిపించింది. ఆ క్షణంలో హమ్మయ్య అని కూడా అనిపించింది, అబద్ధం ఎందుకు.

పెద్దింటమ్మ మామ్మ ఆ బడిలో మధ్యాహ్నం భోజనం వండే ఆవిడ. డెబ్బై ఏళ్లుంటాయి. తాడు జారవిడిచి మూట దింపి, రెండు చేతులతో తెచ్చి నా ఒళ్లో పెట్టింది. నేను గదిలోకి పరిగెత్తాను. ఆవిడ నా వెనకే వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

"అమ్మాయ్, ఇది రంగు కారే గుడ్డ కాదు" అంది.

విప్పుతున్న ముడి వదిలేసి ఆవిడ వైపు తిరిగాను.

"పొద్దున్న పూలు పోసేటప్పుడు చూసేను కదా. మంచి గుడ్డ. ఈ యేడు జెండాకి బొట్టు పెట్టి కుట్టేరు, ఎంత బాగుందో అనుకున్నాను. అమ్మవారి చీరకి పెడతాం, అలాగనుకున్నాను. ఎందుకమ్మా మారుస్తున్నారు?"

బొట్టు! పొద్దుటినుంచీ నా ప్రాణం తీస్తున్న ఆ బిళ్ల ఈవిడ కంటికి బొట్టు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అబద్ధం ఆడే ఓపిక అయిపోయింది.

"ఇది మన జెండా కాదు మామ్మగారూ. బయట నిలబడ్డాడే, ఆ అబ్బాయి దేశానిది. నేనే పొరపాటున మార్చి ఇచ్చేశాను."

ఆవిడ కిటికీలోంచి లవాలీని చూసింది. "అలాగా. మరైతే వాళ్లదీ మనదీ ఒకలాగే ఉన్నాయే. పాపం, వాళ్లమ్మ ఎక్కడుందో, ఏం తింటన్నాడో" అంటూ కొత్త జెండా పరిచి, పాతదాంట్లోంచి రాలిన బంతిరేకలు ఏరి పోసింది. మడత పెట్టి ముడి వేసింది. నేను లవాలీ జెండాని నడుముకి చుట్టుకుని పైన కొంగు దోపుకున్నాను. ఒక దేశం జెండాని అలా చుట్టుకోకూడదని నాకు తెలియక కాదు.

తలుపు తీసేసరికి ఎదురుగా ప్రేమ్‌కుమార్.

"ఏదండీ ఆ రంగు కారే జెండా? ఒకసారి ఇవ్వండి. ఫోటో తీసి గ్రూపులో పెడతాను, ఇలాంటి గుడ్డ ఎవరూ కొనొద్దని."

ఆయన మామూలుగానే అడిగాడు, మంచికే అడిగాడు. ఫోన్ చేతిలో సిద్ధంగా ఉంది. నా చెయ్యి నడుము మీదకి పోయింది. కొంగు పక్కన నాలుగు వేళ్ల మేర కాషాయం బయటికి కనబడుతోంది. దాన్ని ఆయన చూశాడు. ఇంకొక్క నిమిషం అలాగే నిలబడి ఉంటే నేనే తీసి ఇచ్చేసి, చేతులు జోడించేసేదాన్ని.

"ఒరేయ్ ప్రేమూ" అంది వెనక నుంచి పెద్దింటమ్మ మామ్మ. "ఆడకూతురు నడుముకి చుట్టుకున్న గుడ్డ లాగి ఫోటో తీస్తావా? సిగ్గు లేదూ? ఎనిమిదైంది, పద."

పిల్లలు కిసుక్కున నవ్వారు. ఆయన చెవుల దాకా ఎర్రబడి, "అబ్బే, అది కాదు మామ్మా" అంటూ తప్పుకున్నాడు.

తాడు లాగారు. పూలు రాలాయి. జెండా రెండుసార్లు తాడుకి చుట్టుకుని, గాలి తగలగానే విప్పుకుంది. నీలం చక్రం. ఇరవై నాలుగు ఆకులూ లెక్కపెట్టాలనిపించింది. నాకు ఏడుపు ఆగలేదు. దేశభక్తి అనుకున్నాడు కాబోలు, ప్రేమ్‌కుమార్ ఫోన్ నా వైపు తిప్పాడు. కువైట్‌లో ఉన్న ఆ తమ్ముడు నన్ను కూడా చూసే ఉంటాడు. లవాలీ పిల్లల వరస చివర, గుండె మీద చెయ్యి పెట్టుకుని నిటారుగా నిలబడ్డాడు. వాడు మన జెండాకి వందనం చేస్తున్నాడు, వాడి జెండా నా నడుముకి ఉంది.

తిరిగి వచ్చేటప్పుడు మామ్మ దోనె దాకా వచ్చి, వాడి చేతిలో రెండు చాక్లెట్లు పెట్టి, "మీ జెండా బాగుంది నాయనా" అంది. "థాంక్స్ అండీ" అన్నాడు గానీ చుట్టూ చూసుకుని చిన్నగా అన్నాడు.

వట్లూరులో వాడి మేడ ఎక్కేసరికి పదైంది. మిగతా ముగ్గురూ అలాంటివే నీలం, తెలుపు జుబ్బాల్లో ఎండలో కూర్చుని ఎదురుచూస్తున్నారు. నీళ్ల ట్యాంకుకి వెదురుకర్ర కట్టారు. ఒక బకెట్లో గోంగూర షర్బత్తు, ఇంకో పాత పెయింటు డబ్బాలో వేపమొక్క. నా నడుము నుంచి జెండా విప్పి ఇచ్చాను. సూర్యుడు కాస్త నలిగాడు. ఒక అబ్బాయి దాన్ని రెండు చేతులతో సాపు చేసి, కళ్లకి అద్దుకున్నాడు.

ఇచ్చేసి ఇంటికి పోవాల్సింది. చుట్టూ చూశాను. నాలుగు పక్కలా ఇంకా ఎత్తైన మేడలు. సెలవురోజు కదా, బాల్కనీల్లో మనుషులు. ఒకాయన ఫోన్ ఎత్తి పట్టుకుని ఏదో తీసుకుంటున్నాడు, తన కూతుర్నో ఏమో.

"బాబూ, దీన్ని లోపల పెట్టుకోండి. పైన వద్దు" అన్నాను.

ఒక అబ్బాయి వాళ్ల భాషలో ఏదో అడిగాడు. లవాలీ రెండు ముక్కల్లో చెప్పాడు. వాడు నాతో వాదిస్తే బాగుండేది. మా పండగ, మా ఇష్టం అంటే నేనూ నాలుగు మాటలు అని మనసు తేలిక చేసుకునేదాన్ని. వాడు కర్ర విప్పుతూ "ఆయ్ ఆంటీ" అన్నాడు, అంతే. వేపమొక్కని సాయంత్రం కాలవగట్టున నాటుతామన్నారు. దానికి నేను అడ్డం చెప్పలేదు. మొక్క ఎవరిదని ఎవరూ అడగరు.

గదిలోకి వెళ్లి, కిటికీలు మూసి, జెండాని గోడకి మేకులతో కొట్టుకున్నారు. నేను వెళ్లలేక మెట్ల మీద కూర్చున్నాను. లోపల పాట మొదలైంది. నలుగురు మగపిల్లలు గొంతులు అణచుకుని, పక్కగదిలో పసిబిడ్డ నిద్రపోతున్నట్టు పాడుతున్నారు. ముప్పై ఏళ్ల నుంచి మా ఇంట్లో జెండాలు కుడుతున్నాం. ఒక జెండాకి నేను కాపలా కూర్చోవడం ఇదే మొదటిసారి. ఆయన ఫోన్ చేసి, "ఎక్కడికి పోయావే, పాలన్నీ పొయ్యి మీదే ఉన్నాయి" అన్నారు. వస్తున్నానండీ అన్నాను.

కింద నుంచి ఎవరో మెట్లెక్కి వస్తున్నారు. లేచి నిలబడ్డాను. ఇల్లుగలాయన సుందరరావు గారు, కండక్టర్‌గా చేసి రిటైరైనాయన. చేతిలో లడ్డూల పళ్లెం ఉంది.

"ఎవరమ్మా మీరు?"

"టైలర్ షహనాజ్‌నండీ. కాలేషా గారి..."

"ఓహో, కాలేషా గారి భార్యా! మా ఇంట్లో బట్టలన్నీ మీ దగ్గరే కదమ్మా. లోపల ఏంటి, పాటా?"

"పుట్టినరోజండీ."

"ఎవరిది?"

"లవాలీదండీ."

"అలాగా, చెప్పనేలేదు. ఈ లడ్డూలు వాళ్లకివ్వండి, జెండా పండగ లడ్డూలు." పళ్లెం నా చేతికిచ్చి, వెళ్లబోతూ ఆగి, నా వైపు చూసి నవ్వారు. "ఏమ్మా, ఊరందరికీ జెండాలు కుడతారు, మీరు జెండా పెట్టుకోలేదేంటి ఈ రోజు?"

పళ్లెం పిట్టగోడ మీద పెట్టి గుండె దగ్గర తడుముకున్నాను. లేదు. ఏటా తెల్లారగానే మొదట చేసే పని అదే. ఈ పొద్దున్న ఆ ధ్యాసే లేదు.

ఆయన జేబులోంచి గుండుసూదితో సహా ఒక కాగితం జెండా తీసి, "ఇదిగో, ఇంకోటుంది, పెట్టుకోండి" అన్నారు. ఎంత మెల్లగా అన్నారో. పెద్దాయన, తండ్రిలాంటివాడు. ఆయన మాటలో ఏమీ లేదు, నాకు తెలుసు.

"మర్చిపోయానండీ" అన్నాను, దాన్ని అందుకుంటూ. "పొద్దున్నే బయటికి వెళ్లాల్సొచ్చిందండీ, అందుకని మర్చిపోయానండీ, ఏటా పెట్టుకుంటానండీ, మా ఆయన్ని అడగండి, కావాలని కాదండీ, తప్పయిపోయిందండీ..."

లోపల పాట ఆగిపోయింది. సుందరరావు గారు కంగారుపడి ఒక మెట్టు వెనక్కి దిగారు.

"అయ్యో, ఊరికే అడిగానమ్మా. దానికి దణ్ణమెందుకు?" అన్నారు.

అప్పుడు చూసుకున్నాను. నా రెండు చేతులూ జోడించి ఉన్నాయి. వాటి మధ్య ఆ కాగితం జెండా నలిగిపోయి ఉంది.